క్వారీకి రెండో అర్థం

మొన్న ఒక అమ్మాయి తన వ్యాసం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. వికారాబాదులో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. వ్యాసం వాళ్ల ఊళ్లో నీళ్ల కొరత గురించి. మొదటి వాక్యంలోనే ‘లెక్కలేనన్ని’కి బదులు ‘మిరియడ్’ దిగింది. రెండో వాక్యంలో ‘ప్లెథోరా’ కూర్చుంది. నీళ్లు మాత్రం మూడో పేరా దాకా రాలేదు.

“ప్లెథోరా అంటే ఏందమ్మా?” అని అడిగాను.

“మస్తుగ ఉండుడు మేడం.”

“మరి మీ ఊర్ల నీళ్లు మస్తుగున్నయా?”

“లెవ్వు మేడం. కొరతే మస్తుగున్నది.”

నవ్వు వచ్చింది. ఆ వెనకే ఒళ్లు మండింది. ఎవరో ఆన్‌లైన్ సారు చెప్పాడట, వ్యాసంలో ఐదు బరువైన మాటలు పడితే మార్కులు అవే వస్తాయని. రోజుకు ఇరవై మాటలు ఫోనుకు వస్తాయట. పొద్దున వచ్చినవి సాయంత్రానికి ఒప్పజెప్పాలట. ఆ పిల్ల తెల్లవారుజామున బిందెలు పట్టుకుని బోరు దగ్గర నిలబడుతుంది. ఆ సంగతి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఎందుకు రాయలేదంటే, “అవి చిన్న మాటలు గద మేడం” అంది. ఆ జవాబు వినగానే నా అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల మీద కాదు. ఈ మంట పాతది. వికారాబాదులోనే అంటుకుంది.

మాది తాండూరు. మా నాయన క్వారీలో బండలు తీసేవాడు. మా దగ్గర రాయి గుట్టలా ఉండదు, భూమిలో పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. గుంతలోకి దిగి, పొర ఎక్కడ విడుస్తుందో సుత్తితో తట్టి చూసి, అక్కడ ఉలి పెట్టాలి. తప్పు చోట పెడితే బండ పగిలి ముక్కలవుతుంది. నాయన చేతిలో బండ పగిలిందని నేను వినలేదు. అమ్మ కందిపప్పు మిల్లుకు పోయేది. ఇద్దరూ ఇంటికొచ్చేసరికి ఒకరు రాతి దుమ్ముతో తెల్లగా, ఒకరు పప్పు పొడితో పసుపుగా ఉండేవారు.

డిగ్రీ అయిపోయిన ఏడాది, వికారాబాదులో ఒక కోచింగ్ సెంటరు ఎంపిక పరీక్ష పెట్టింది. మొదటి పదిమందికి బ్యాంకు పరీక్షల శిక్షణ ఉచితం. సగం మార్కులు ఇంగ్లీషు మాటలకు, సగం వ్యాసానికి. సీటు వస్తే ఏడాది చదువు. రాకపోతే అమ్మ వెంట పప్పు మిల్లు. మధ్యలో ఇంకో దారి లేదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

మాటల పుస్తకం పక్కింటి అక్కది, అట్ట కూడా లేదు. కాగితం ముక్కల మీద ఒక్కో మాట రాసుకుని గుర్తుపెట్టుకోవాలని అందులో ఉంది. అది చెబితే నాయన నవ్వాడు.

“కాయిదాలెందుకే? మనింట్ల బండలకు కరువా?”

మర్నాటి నుంచి నాయన సంచిలో రాతి ముక్కలు రావడం మొదలైంది. అంచులు కోసేటప్పుడు పనికిరావని పడేసేవి, అరచేతి మందం. ఒక్కోదాని మీద సుద్దతో ఒక్కో ఇంగ్లీషు మాట రాసి గోడకు ఆనించేదాన్ని. కొత్త మాటకు కొత్త ముక్క. పాత ముక్క మీద సుద్ద చెరిగిపోతే అదే మాట మళ్లీ దిద్దేదాన్ని. నెలన్నరలో ముందు గది గోడ పొడుగునా రాళ్లే. అమ్మ చీపురు పట్టుకుని వాటి మధ్యలోంచి ఊడుస్తూ, “ఇల్లా ఇది, బండల పాలిష్ మిషినా?” అని సణిగేది.

నాయనకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కునేవాడు. అయినా రోజూ పొద్దున పనికి పోయేముందు నన్ను అడిగేవాడు. మాటను బట్టి కాదు, రాయిని బట్టి.

“మూల పోయింది?”

“అబాండన్. విడిచిపెట్టుడు.”

“పచ్చ చార?”

“ఫ్రూగల్. పొదుపుగ ఉండుడు.”

“మజ్జల పలిగింది?”

“రెలక్టెంట్. మనసు లేకుంట జేసుడు.”

“నిన్న గిట్ల జెప్పలే. నిన్న ఒప్పుకోకపోవుడు అన్నవ్.”

ఆయన అనేది నిజమే. ఏ రాయికి ఏ అర్థమో నాకంటే ముందు నాయనకు వచ్చేసింది. అర్థాలన్నీ తెలుగులో, రాళ్ల వరసలో, ఆయన తలలో ఉండేవి. నేను తప్పితే పట్టుకునేవాడు. చదువు రాదని తనను తాను ఎప్పుడూ తక్కువ చేసుకునే మనిషి, ఆ నెలన్నరా పొద్దున పూట మేస్టరు.

ఒక మాటకు రెండు అర్థాలుంటాయని నాకు మొదట చెప్పింది కూడా ఆయనే. మా క్వారీల్లో కర్ణాటక వైపు నుంచి వచ్చిన వాళ్లు చాలామంది. కన్నడంలో రాయిని కల్లు అంటారు. నాయన పనిలో చేరిన కొత్తలో పక్కవాడు “కల్లు, కల్లు” అని గుంతలోంచి కేకేస్తుంటే, ఎండపూట ఎవరో కల్లు కుండ తెచ్చారనుకుని గబగబా దిగాడట. దిగాక రెండు మణుగుల బండ ఎత్తించారు. “గాడి భాషల గది బండ, నా భాషల గది కల్లు. ఇద్దరం సచ్చిందే” అని ఎన్నిసార్లు చెప్పినా అంతే నవ్వేవాడు.

అంత నవ్వాను కదా, ఆ కథ నుంచి నేను నేర్చుకోవలసింది మాత్రం నేర్చుకోలేదు. పుస్తకంలో క్యూ అక్షరం వచ్చింది. అక్కడ ‘క్వారీ’ కనబడింది. నాకు చుట్టాన్ని చూసినట్టయింది.

“నాయనా, మన క్వారీ గూడ ఉన్నదే పుస్తకంల!”

“నిజమా? క్వారీ ఇంగ్లీషా? నేను మన మాటే అనుకుంటి గదనే.” కాసేపు ఆశ్చర్యపడి, “దీనికి ముక్క దండుగ. నాకే వస్తది” అన్నాడు.

ఇద్దరం నవ్వుకుని పేజీ తిప్పేశాం. దాని కింద ఏం రాసి ఉందో నేను చదవలేదు. పుట్టినప్పటి నుంచి రోజూ వినే మాటకు అర్థం వెతుక్కునేదెవరు? ఇంకే ఊరి పిల్ల అయినా ఆ మాట దగ్గర ఆగి ఉండేది. తాండూరు పిల్లను కాబట్టి నేను ఆగలేదు.

పరీక్షలో వచ్చింది. ‘క్వారీ’ అని ఇచ్చి కింద నాలుగు జవాబులు: పిట్, ప్రే, ప్రైజ్, పాత్. పిట్ అంటే గుంత. చూడగానే గుర్తు పెట్టేశాను. అంత ధీమాగా ఆ కాగితంలో మరే జవాబూ పెట్టలేదు. వ్యాసం ‘మీ జిల్లాలోని ఒక వనరు’ అని ఇచ్చారు. నేను మా రాయి గురించి రాశాను. ‘మా నాయన రాయి తీస్తాడు. తీసే ముందు తట్టి వింటాడు’ అని మొదలుపెట్టాను. నా బతుకులో మొదటిసారి, రాస్తుంటే ఇంగ్లీషు నా మాట విన్నట్టనిపించింది.

వారం తర్వాత ఫలితాలు గోడకు అంటించారు. నేను పదకొండో దాన్ని. పదో వాళ్లకూ నాకూ ఒక్క మార్కు తేడా.

నాయన నా వెంటే ఉన్నాడు. వానలకు క్వారీలో నీళ్లు నిండి పని ఆగింది, నేనూ వస్త పా అని ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. జవాబు పత్రాలు ఆఫీసు గదిలో చూపిస్తున్నారు. నాది తీసుకున్నాను. క్వారీ దగ్గర ఎర్ర ఇంటూ. జవాబు ప్రే అని పక్కన ఉంది. ప్రే అంటే వేటాడబడే జంతువు. వ్యాసంలో ‘రాయి తీస్తాడు’ కింద ఎర్ర గీత గీసి ‘బలం లేని క్రియ, ఎక్స్‌కవేట్ వాడాలి’ అని రాశారు. మా నాయన ఎక్స్‌కవేట్ చేస్తాడట! తట్టి వింటాడన్న వాక్యాన్ని మొత్తం కొట్టేసి ‘అనవసరం’ అన్నారు. నేను పదేళ్లుగా పాఠం చెబుతున్నాను, అంతకంటే అవసరమైన వాక్యం నాకు ఇప్పటిదాకా ఏ పిల్లా రాసి ఇవ్వలేదు.

అక్కడున్న ఇంగ్లీషు సారును పట్టుకున్నాను. ఆయనది నవాబుపేట వైపు. పరీక్ష రోజు హాలు బయట వాళ్లమ్మతో ఫోనులో “ఏమాయెనే, తిన్నవా” అని మాట్లాడుతుంటే అంతకుముందే విన్నాను. మాతో మాత్రం పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడేవాడు.

“సార్, క్వారీ అంటే రాళ్లు తీసే గుంతే కదా సార్. డిక్షనరీలో చూడండి. రెండూ ఉంటాయి.”

ఆయన డిక్షనరీ జోలికి పోలేదు. “ఉంటాయమ్మా. కానీ పిట్ అనేది ట్రాప్ ఆప్షన్. తెలియని వాళ్లు పడాలనే పెడతాం. నువ్వు పడ్డావు” అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడాలి.

“తెలిసి పెట్టాను సార్. రెండు అర్థాలున్నప్పుడు రెండు జవాబులూ రైటే కదా.”

అప్పుడు నాయన నా వెనక నుంచి ముందుకు వచ్చాడు. చెప్పులు గది బయటే విడిచాడు.

“సార్, జర ఇనుండ్రి. నేను క్వారీలనే పని జేస్త. ఇర్వై ఏండ్ల సంది గండ్లనే దిగుతున్న. క్వారీ అంటే గుంతనే సార్. మా బిడ్డ తప్పు రాయలే.”

సారు నవ్వాడు. పక్క కుర్చీల్లో ఇద్దరూ నవ్వారు.

“పెద్దాయనా, అది మీ తాండూరు క్వారీ. ఇది ఎగ్జామ్ క్వారీ. దీని అర్థం వేరే. అది మీకు తెలిసే సంగతి కాదు.”

నాయన నా వైపు చూశాడు. నిజమా అని అడుగుతున్నట్టు చూశాడు. నేను నోరు తెరిచి ఆ రెండో అర్థం చెబితే, అక్కడే, అప్పుడే, ఆయన ఏదో ఒకటి అనేవాడు. నేను చేతిలోని జవాబు పత్రం మడిచాను. వేటాడబడే జంతువు అని, ఆ నవ్వే మనుషుల ముందు, మా నాయనతో ఎలా చెప్పను? ఒక్క క్షణం చూసి ఆయన రెండు చేతులూ జోడించాడు.

“తప్పయింది సార్. మీరు సదువుకున్నోళ్లు. మీకే ఎర్కుంటది.”

బండ ఎక్కడ విడుస్తుందో చెవితో విని చెప్పే మనిషి. ఇరవై ఏళ్లు ఆ మాటలోనే దిగి, ఆ మాటలోంచే పైకి వచ్చి మాకు అన్నం పెట్టిన మనిషి. ఆ మాట అర్థం తనకు తెలియదని ఒప్పుకుని దండం పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సీటు పోయినందుకు నేను ఏడవలేదు. ఆ దండానికి ఏడ్చాను, అదీ స్టేషనుకు వచ్చాక.

తాండూరు బండి ఎక్కాక నాయన అడిగాడు.

“గా రెండో అర్థం ఏందే?”

“ఏం లేదు నాయనా. గది పెద్ద పరీక్షలల్ల అర్థం. మనకు పనికిరాదు.”

“సరే తీయ్” అన్నాడు.

ఆయనకు నొప్పి తగలకూడదని అలా అన్నానని అనుకున్నాను. ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను.

ఏడాదిన్నర పప్పు మిల్లులో కూర్చున్నాను. పొద్దున, సాయంత్రం చదివాను. ఈసారి ఏ మాటనూ వదల్లేదు. తెలియని మాటను ఒకసారి చూస్తే, తెలిసిన మాటను మూడుసార్లు చూశాను. ఒక్కో మాట ఏ మాటల పక్కన కూర్చుంటుందో, ఎవరు ఎప్పుడు వాడతారో వాక్యంలో పెట్టి రాసుకున్నాను. ‘ది హంటర్ లాస్ట్ హిస్ క్వారీ’ అన్న వాక్యాన్ని ఎన్నిసార్లు రాశానో నోటుపుస్తకానికే తెలియాలి. బ్యాంకు సంగతి వదిలేసి ఇంగ్లీషులో ఎమ్మే చదివాను. ఎందుకని అడిగిన వాళ్లకు ఏవేవో చెప్పాను. అసలు సంగతి కక్ష. ఆ గదిలో నవ్విన ముగ్గురిలో ఒక్కరికైనా ఇంగ్లీషు నాకంటే ఎక్కువ వచ్చి ఉండకూడదని.

ఇప్పుడు నా క్లాసులో ఒక నియమం ఉంది. వారానికోసారి ప్రతి ఒక్కరూ తమకు బాగా వచ్చిన మాట ఒకటి తేవాలి. రాని మాట కాదు, వచ్చిన మాట. ఆటో నడిపే ఆయన కొడుకు గేర్ తెస్తాడు, పత్తి చేను వాళ్ల పిల్ల పత్తి వలిచే జిన్ తెస్తుంది, సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసే ఆయన బిడ్డ షిఫ్ట్ తెస్తుంది. వాటి రెండో అర్థం, మూడో అర్థం వెతకమంటాను. వ్యాసంలో ‘తీస్తాడు’ అంటే సరిపోయే చోట తీస్తాడు అనే రాయమంటాను. బరువైన మాట కావాలనుకుంటే ముందు మోయడం నేర్చుకోండని తిడతాను. నాకు ముక్కు మీదే కోపమని పిల్లలు అనుకుంటారు. అనుకోనీ. ట్రాప్ ఆప్షన్ అన్నది నా ప్రశ్నపత్రంలో ఇంతవరకు దిగలేదు, దిగదు.

నాయన పని మానేసి నాలుగేళ్లు. దుమ్ము లోపల కూర్చుంది. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ వాకిలి మా రాతి ముక్కలదే. నాకు ఉద్యోగం వచ్చాక, పారేయడానికి మనసొప్పక తన చేత్తోనే పరిచాడు. సుద్ద ఎప్పుడో పోయింది. అయినా కాలితో చూపించి, “గిది విడిచిపెట్టుడు, గిది పొదుపు” అని అమ్మను విసిగిస్తాడు.

ఆ ప్లెథోరా పిల్ల వ్యాసం చూశాక వచ్చిన ఆదివారం తాండూరు వెళ్లాను. కోపం ఇంకా దిగలేదు. వాకిట్లో కూర్చుని నాయనకు అంతా చెప్పాను. చిన్న మాటలని బిందెల సంగతి రాయలేదట చూడు, అని అరిచాను. ఆయన వింటూ వింటూ కింద ఒక జాగా వైపు చూశాడు. రెండు ముక్కల మధ్య ఇంకో ముక్క పట్టేంత ఖాళీ ఉంది, అందులో మట్టే ఉంది. నేనెప్పుడూ గమనించలేదు.

“గది క్వారీ జాగ. దానికి మనం ముక్క వెట్టలే గద” అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. “గప్పుడు గా సారు జెప్పిన రెండో అర్థం ఏందే? పనికిరాదంటివి. ఇప్పుడన్న జెప్పు.”

పద్నాలుగేళ్లు అయింది. నేను పిల్లలకు వారం వారం చెప్పే పాఠం. మా నాయన దగ్గర మాత్రం నాకు ఇంకా భయమే.

“వేటాడితే దొరికే జంతువు నాయనా. వెంటవడి తరుముతరు గద, గా జంతువును గూడ క్వారీ అంటరు.”

ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని దమ్ము కూడదీసుకున్నాడు. నొచ్చుకుంటాడేమోనని చూస్తున్నాను. ముఖం ఎర్రబడింది. నా ఎరుకలో నాయనకు అంత కోపం రావడం అదే మొదలు.

“గింతేనా? గిది నాకు ఎర్కలేని సంగతా? గుంతల ఉన్నోనికి, వెంటవడి తరుముడు ఎర్కుండదా?”

“నీకు మనసుకు తగుల్తదని జెప్పలే నాయనా.”

“ఆ సారు నాకు ఎర్కుండదన్నడు. నువ్వు గూడ గదే అంటివి గదనే.” మళ్లీ ఆగాడు. ఈసారి ఊపిరి కోసం చాలాసేపు ఆగాడు. “అర్థం గప్పుడే జెప్తే, నేను దండం పెట్టకపోయేటోన్ని గద బిడ్డా.”